అరికమేడు దిబ్బయు, పొతియొలీ సహోదరులును

(ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 28:11–15, ప్రకటన 18:11–19)



అపొస్తలుల కార్యముల గ్రంథములోని కడపటి అధ్యాయమును చదువునప్పుడు మనము సాధారణముగా మెలితే ద్వీపములోని సర్పము దగ్గర చాలసేపు నిలుతుము. పొప్లి తండ్రి జ్వరము దగ్గర మరికొంతసేపు నిలుతుము. అటుపిమ్మట ఒక్క అడుగులో రోమా నగరములో దిగుదుము. నడుమ 13, 14 వచనములలో ఒక ఓడరేవు ఉన్నది. దాని పేరు పొతియొలీ. ఇటలీ దేశములో నేపుల్సు పట్టణమునకు దగ్గరనున్న నేటి పొజ్జువోలీ అను ఊరే అది. ఈ నెల ఆ రేవులో మనము కొంచెము ఆగవలెనని కోరుచున్నాము.

పౌలు అచ్చట దిగిననాడు అతడు ఖైదీ. శతాధిపతి కావలిలో ఉన్నాడు. మొదటి ఓడ పగిలిపోగా, చలికాలము మూడు నెలలు పరాయి ద్వీపమున గడిపి, అలెక్సంద్రియ ఓడ నొకదానిని ఎక్కి వచ్చినవాడు. అది క్రీ.శ. 60 ప్రాంతమని పండితులు లెక్కించుచున్నారు. ఆ కాలమున పొతియొలీ రోమా రాజ్యమునకు సముద్రపు వాకిలి వంటిది. ఐగుప్తు గోధుమలు అచ్చటనే దిగుచుండెను. రేవున కాలు పెట్టినవానికి మొదట కనబడునవి మూటలు, మోతకూలీలు, సుంకపువారు, బేరగాండ్రు. లూకాయు ఆ ప్రయాణములో ఉన్నాడు. అతడు వైద్యుడు, చూచినదానిని చూచినట్లు వ్రాయువాడు. ఓడకు ఏ దేవతల గుర్తు ఉండెనో అదికూడ వ్రాసినవాడు. అయినను పొతియొలీని గూర్చి అతడు వ్రాసినది ఒక్క సంగతియే. అచ్చట విశ్వాసులు కనబడిరి. వారు ఉండుమని బతిమాలగా వారము దినములు వారితో ఉండిరి. అంతే. మూటల మాట లేదు.

ఆ విశ్వాసులు ఎవరు? పేర్లు లేవు. వారికి ఎవరు బోధించిరో, ఎవరు బాప్తిస్మమిచ్చిరో లూకా చెప్పలేదు. ఓడలతోను సరకులతోను ఆ రేవునకు వచ్చిన చిన్నవారిలో ఎవరో సువార్తను కూడ మోసికొని వచ్చియుందురని మా తలంపు. మోతకూలీయో, ఒక యింటి దాసియో, ఓడవాడో దేవునికే తెలియును.

ఈ రేవునకును మన కలిగిరికిని సంబంధమేమని మీరడుగవచ్చును. సంబంధమున్నది. ఆ కాలమునందు రోమా రాజ్యపు వర్తకులు ఎర్రసముద్రము మీదుగా, నైరుతి గాలి ననుసరించి, మన దేశమునకు వచ్చుచుండిరి. మిరియములు, ముత్యములు, ఏనుగుదంతము, సన్నని నూలుబట్టలు కొనుచుండిరి. ఆ సరకులు ఐగుప్తు ఎడారిలో ఒంటెలమీదను, తరువాత నైలు నదిమీదను పోయి అలెక్సంద్రియకు చేరును. అచ్చటనుండి ఓడలెక్కి పొతియొలీకి చేరును. పౌలు వచ్చిన దారియు అలెక్సంద్రియ ఓడల దారియే. ఆ కాలపు గ్రీకు వర్తకు డొకడు వ్రాసిన రేవుల పుస్తకములో మసాలియా అను పేరు కలదు. అది మన కృష్ణా తీరమే. అచ్చట సన్నబట్టలు విస్తారముగా నేయబడుచున్నవని ఆయన వ్రాసెను. రోమా పండితుడైన ప్లినీ అను నాయన, హిందూదేశము ప్రతి సంవత్సరము తమ రాజ్యమునుండి 5 కోట్ల సెస్టర్సులకు తక్కువ కాకుండ లాగుకొనుచున్నదని వ్రాసి బాధపడెను. సెస్టర్సు అనగా వారి నాణెపు లెక్క. మన సన్నబట్ట వారి సొమ్మును లాగెనన్నమాట!

ఆ సొమ్ములో కొంత మన జిల్లాలోనే బయటపడినది. 1786లో నెల్లూరు సమీపమున ఒక రైతు రాతికొండ ప్రక్కను దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టు తగిలెను. త్రవ్వి చూడగా పాడుపడిన చిన్న గుడియు, దానిక్రింద ఒక కుండయు కనబడెను. కుండలో రోమా చక్రవర్తుల బంగారు నాణెములు! ట్రాజను, హేడ్రియను అను చక్రవర్తులవియు, ఫౌస్తీనా అను రాణివియు అందులో ఉండెను. ఆ రైతు వాటిని పాత బంగారముగా అమ్మివేసెను. పెక్కు నాణెములు కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడైన అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా సంపాదింపగలిగెను. కొన్ని నిన్ననే టంకశాలనుండి వచ్చినట్లు మెరయుచుండెనట. కొన్నింటికి బెజ్జములుండెను, మెడలోనో దండకో కట్టుకొన్నట్లు తోచెను.

లోకమునంతటిని వణికించిన చక్రవర్తి ముఖము మన కంసాలి మూసలో కరగిపోయినప్పుడు అడిగిన నాథుడు లేడు. సుంకపు నాణెమును చేతికి తీసికొని దీనిమీద ఎవరి రూపమున్నదని మన ప్రభువు అడిగిన సంగతి (లూకా 20:24) మీకు తెలియును. కైసరు రూపమున్నది కైసరునిది. అయితే దేవుని స్వరూపమున్నది ఎవరిమీద? ఆదికాండము మొదటి అధ్యాయము 27వ వచనము తీసి చూచుకొనుడి. ఈ ప్రశ్నను చేతిలో పట్టుకొనియే మాతో కూడ కొంచెము దూరము రండి.

గత సంవత్సరము ఒక కూడిక నిమిత్తము మేమును, మా సంఘపు పెద్దలిద్దరును చెన్నైకి వెళ్లియుంటిమి. కూడిక ముగిసిన తరువాత ఒక దినము మిగిలినది. సముద్రపు ఒడ్డున దక్షిణముగా బస్సులో పుదుచ్చేరికి పోయి, అక్కడికి సుమారు 4 కిలోమీటర్ల దూరములో అరియాంకుప్పము ఏటి ఒడ్డుననున్న అరికమేడు అను పాడుపడిన రేవును చూచితిమి. ఆ గ్రీకు వర్తకుని పుస్తకములో పొదుకె అను పేరుగల రేవు ఇదేయని పండితులు చాలమంది తలంచుచున్నారు.

చూచితిమని వ్రాసితిమే గాని, కంటికి కనబడునది కొంచెమే. కొబ్బరిచెట్లు, మామిడిచెట్లు, ఒక మెట్ట, నెమ్మదిగా పారుచున్న ఏరు, ప్రభుత్వమువారి పలక. మా పెద్దలలో ఒకరు పొగాకు రైతు. ఆయన నిలువబడియున్న ఇటుకగోడ నొకదానిని తట్టి, “అయ్యగారూ, రోమావాళ్లు కట్టినవి ఇయ్యేనా?” అని అడిగిరి. కావు. అవి 18వ శతాబ్దములో ఫ్రెంచి కతోలిక మిషనువారు దూరదేశపు యౌవనులను గురువులుగా తర్ఫీదు చేయుటకు అచ్చట నడిపిన బడి గోడలు. రోమా కాలపువి మంటిలోపల ఉన్నవి. త్రవ్వి చూచి, మరల కప్పివేసిరి. “దీనికోసరమా ఇంత దూరం వచ్చింది?” అని ఆయన నవ్విరి. సెమినరీలో చదువుకొన్న మాకు మాత్రము నవ్వు రాలేదు. సేవకులను తయారుచేసిన బడికూడ అరలు అరలుగా కూలి, వేరొక శిథిలముమీద శిథిలమై నిలిచియున్నది.

ఆ మంటిలో ఏమి దొరికినది? 1944లో పురావస్తు శాఖ అధిపతిగా వచ్చిన మార్టిమర్ వీలరు దొర మద్రాసు మ్యూజియములో ఒక మట్టికూజా ముక్కను చూచి, ఇది మధ్యధరా సముద్రపు ద్రాక్షారసపు కూజాయని గుర్తుపట్టెను. 1945లో ఆయన అరికమేడులో త్రవ్వించెను. ఏటి ఒడ్డున సుమారు 150 అడుగుల పొడవుగల ఇటుక కట్టడము బయటపడగా, అది సరకుల కొట్టు అని ఆయన తలంచెను. ఇటుక తొట్లుకూడ కనబడెను. అవి బట్టలకు రంగువేయు తొట్లని ఆయన ఊహ. ఇటలీలో చేయబడిన నున్నని ఎర్ర పళ్లెముల ముక్కలు దొరకెను. అవి క్రీస్తు శకము మొదటి యేబది సంవత్సరముల నాటివని ఆయన నిర్ణయించెను. ప్రియులారా, ఈ లెక్కను మరియొకసారి చదువుడి. మన ప్రభువు నజరేతులో వడ్రంగి పని చేసిన ఏండ్లు, గలిలయలో బోధించిన ఏండ్లు, సిలువ వేయబడి లేచిన ఏండ్లు ఆ యేబదిలోపలనే ఉన్నవి. ఆ ఎర్ర పళ్లెములు చేసిన ఇటలీ ఊళ్లలో పొతియొలీకూడ ఒకటి.

తరువాత 1989 మొదలు 1992 వరకు విమలా బెగ్లీ అను విదుషీమణి అచ్చట మరల త్రవ్వించి, రోమా సరకు రాకమునుపే అక్కడ జనులు కాపురముండిరనియు, ఆ వర్తకము తగ్గిన తరువాతను ఉండిరనియు చూపెను. పైనుండి వచ్చినవారే ఊరు నిలిపిరనుకొనుట అన్నిచోట్ల సరికాదు.

దొరికిన వస్తువులలో కొన్ని పుదుచ్చేరి మ్యూజియములో ఉన్నవి. అచ్చటనే మా మనస్సు నిలిచిపోయినది. కూజా ముక్కలు, పూసలు, ఎర్ర పెంకులు. పూసలు మనకు కొత్తవి కావు. గాజును కరగించి సన్నని గొట్టముగా లాగి, కోసి పూసలు చేయు ఆ పనితనము మొన్నమొన్నటి వరకు మన రేణిగుంట ప్రాంతములోని పాపానాయుడుపేటలో నిలిచియుండెను. ఇక పెంకుల సంగతి. వీలరు దొరకు దొరికిన ఎర్ర పళ్లెముల అడుగున చేసినవారి ముద్రలున్నవి: విబీ, కమూరి, ఇత్త. ఇట్టి పళ్లెములు చేసిన కుమ్మరిసాలలలో పనిచేసినవారు అనేకులు బానిసలు. వేరే పెంకులమీద మన దేశపువారే బ్రాహ్మీ అక్షరములతో గీసికొన్న పేర్లున్నవి. కొన్ని తమిళము, కొన్ని ప్రాకృతము. కుండ నాది అని ఒక మనిషి మేకుతోనో మరి దేనితోనో గీసికొన్నాడు, అంతే. కొట్టు కట్టించిన షావుకారు పేరు మిగలలేదు. ఓడల యజమానుల పేర్లు మిగలలేదు. కుండ గలవాని పేరును, పళ్లెము చేసినవాని ముద్రయు మిగిలినవి.

మా పెద్దాయన అద్దములోనుండి చాలసేపు చూచి, “మన చెక్కు మీద నంబరు వేస్తారే, అట్టాంటిదా ఇది?” అనిరి. మేము వెంటనే జవాబు చెప్పలేదు.

కలిగిరి పొగాకు వేలంకేంద్రమును ఎరుగనివారు మీలో ఎవరును ఉండరు. (పొగ త్రాగుటను గూర్చి మా అభిప్రాయము మీకు తెలియును, అది మరియొక నెల మాట.) బ్యారనులో రాత్రింబగళ్లు మంటకాచి, ఆకు గ్రేడు చేసి, చెక్కు కట్టి తెచ్చిన రైతు వేలము నాడు చెక్కుప్రక్కన నిలువబడును. చీటీమీద నంబరు, గ్రేడు, బరువు, ధర ఉండును. ఆ చెక్కు ఏ సముద్రము దాటునో, ఎవరు విప్పుదురో అతనికి తెలియదు. విప్పువానికి ఇతని ముఖము తెలియదు. సరకునకు లోకము ఈ పాటి గుర్తే ఉంచును. అది వర్తకపు నైజము. అందులో పాపమున్నదని మేము చెప్పము. రైతునకు ధర రావలెను, బియ్యము దొరకవలెను.

అయితే ప్రకటన గ్రంథము 18వ అధ్యాయములో యోహాను ఒక సరకుల పట్టికను మన యెదుట ఉంచుచున్నాడు. మహా పట్టణము కాలిపోవుచుండగా వర్తకులు దూరముగా నిలిచి ఏడ్చుచున్నారు. దేనికొరకు ఏడ్చుచున్నారు? జనులు కాలిపోయిరని కాదు, సరకు కొనువారు లేరని. పట్టిక బంగారముతో ఆరంభమగును. వెండి, రత్నములు, ముత్యములు, సన్నబట్టలు, దంతపు వస్తువులు, దాల్చినచెక్క, ధూపద్రవ్యములు, ద్రాక్షారసము, నూనె, గోధుమలు, పశువులు, గుఱ్ఱములు, రథములు. మన వైపునుండి పోయిన సరకులు అందులో ఎన్ని ఉన్నవో చూడుడి. కడపట, గుఱ్ఱములకును రథములకును తరువాత, 13వ వచనము చివర, మనుష్యులు ఉన్నారు. వారి శరీరములు, వారి ప్రాణములు. బజారు లెక్కలో బంగారము మొదటిది, దేవుని స్వరూపము గలవాడు కడపటివాడు. పరిశుద్ధాత్మ ఆ వరుసను ఆలాగే వ్రాయించెను, మనము చూచి సిగ్గుపడునట్లు.

ఇప్పుడు మన ఊళ్ల మాట. కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్ట నేలలు. వాన వచ్చిన ఏడు పంట, రాని ఏడు వలస. మన సంఘములలో చెన్నైలోనో, బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, కువైటులోనో ఒకరైన లేని ఇల్లు అరుదు. పూర్వము మన తీరమునుండి సన్నబట్టలు పోయెను, కైసరు ముఖముగల బంగారము వచ్చెను. ఇప్పుడు మన బిడ్డలు పోవుచున్నారు, సొమ్ము వచ్చుచున్నది. మన సముద్రతీరమున 2022లో రామాయపట్నమున మరియొక రేవునకు శంకుస్థాపన జరిగినది. పని దొరుకునని యౌవనులు ఎదురుచూచుట మంచిదే. పోవద్దని మేము ఎవరికిని చెప్పము. అబ్రాహాము పోయెను, యాకోబు కుమారులు ధాన్యమునకు పోయిరి, రూతు పరుగ ఏరుకొనుటకు పరాయి పొలమునకు పోయెను.

మేమడుగునది వేరొకటి. ఊరు విడిచిన బిడ్డను గూర్చి మనము ఏమి అడుగుచున్నాము? ఆదివారము ఆరాధన అయిన తరువాత వేపచెట్టుక్రింద మాటలు వినుడి. “మీవాడు ఎంత పంపుతుండాడు?” “ఇంటికి స్లాబు ఎప్పుడు?” కృతజ్ఞతార్పణ ఎంత ఇచ్చిరో చెప్పుకొందురు. ఏజెంటుకు కట్టిన అప్పు తీరెనా అని అడుగుదురు. అందులో ప్రేమ లేకపోలేదు. అయితే అవన్నియు ఆ 18వ అధ్యాయపు పట్టికలోని మొదటి వరుసల మాటలే. ఆ బిడ్డ అక్కడ ఎవరితో కూర్చుండి ప్రార్థన చేయుచున్నది? జ్వరము వచ్చిననాడు గంజి కాచి యిచ్చువారున్నారా? యజమానుడు జీతము పట్టుకొన్నప్పుడు ఎవరితో చెప్పుకొనును? అచ్చట సహోదరులు దొరికిరా? లూకా వ్రాసినది ఇదే. మనము అడగనిది ఇదే.

మా సంఘములో ఒక తల్లి యున్నది. ఆమె కుమార్తె ఇంటిపనికై కువైటు వెళ్లినది. నెలనెల సొమ్ము వచ్చుచుండెను గనుక అంతయు క్షేమమని ఊరివారు తలంచిరి. ఆ తల్లి మాత్రము ఒక రాత్రి ప్రార్థన కూటములో లేచి, “నా బిడ్డ ఫోనులో నవ్వతా మాట్లాడతాది, కాని పాట పాడమంటే పాడలేకుండా ఉండాది. బిడ్డకు తోడు కావాల” అని చెప్పి కూర్చుండెను. అంతకంటె ఎక్కువ చెప్పలేదు. కూటములోని ఒక యౌవనుడు, తన మేనమామ ఆ దేశములోనే డ్రైవరుగా ఉన్నాడని చెప్పెను. కువైటు నగరములో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణము కలదు. అచ్చట అనేక భాషల సంఘములు కూడుకొనుచుండును, శుక్రవారము సెలవు గనుక ఆ దినమున ఆరాధనలు జరుగును. తెలుగువారును కూడుదురు. ఆ మేనమామ భార్య ఆ బిడ్డ యజమానురాలిని మర్యాదగా అడిగి, నెలకు ఒక శుక్రవారము ఆమెను వెంటబెట్టుకొని పోవుటకు సెలవు సంపాదించినది. మొదటిసారి పోయిననాడు ఆ బిడ్డ పాట పాడలేదట, ఆరాధన అంతయు ఏడ్చినదట. ఆ మేనమామ భార్య ఎవరో మేమెరుగము. ఆమె మన జిల్లా మనిషికూడ కాదు. పొతియొలీవారిలాగుననే ఆమె పేరు మా దగ్గర లేదు.

పౌలు వంటి అపొస్తలునికే ఇది అవసరమాయెను. 15వ వచనము చూడుడి. రోమానుండి మరికొందరు సహోదరులు అప్పీయా సంతపేట వరకు నడచి ఎదురువచ్చిరి. వారిని చూచినప్పుడు అతడు దేవుని స్తుతించి ధైర్యము తెచ్చుకొన్నాడట. దమస్కు మార్గములో ప్రభువును చూచినవాడు, సముద్రపు తుపానులో దేవదూత మాట విన్నవాడు, ఆ దారిన ధైర్యము తక్కువైయుండెనని లూకా దాచలేదు. ఎదురువచ్చినవారు ప్రసంగమేమియు చేసినట్లు లేదు. వచ్చిరి, అంతే. మన బిడ్డలు పౌలుకంటె గట్టివారని మనము ఎట్లు అనుకొందుము?

మరియొక మాట. మనమును ఒకరికి పొతియొలీ. గ్రేడింగు కాలమున, బ్యారన్ల కాలమున మన ఊళ్లకు దూరపు మండలములనుండి కూలీలు వచ్చుచున్నారు. ఇటుకబట్టీలకు భాష తెలియనివారు కుటుంబములతో వచ్చుచున్నారు. వారిలో క్రీస్తు నామము పట్టినవారు లేరని ఎవరు చెప్పగలరు? గత సంవత్సరము క్రిస్మసు రాత్రి ఒక బట్టీ గుడిసెమీద కాగితపు నక్షత్రము వ్రేలాడుచుండుట దారిన పోవువారు చూచిరి. అందులోనివారి భాష మనకు తెలియదు, మన పాట వారికి తెలియదు. మా సంఘపు స్త్రీలు మరుసటి దినము అన్నము వండి తీసికొనిపోయిరి. లోపలినుండి ఒక ముసలామె వచ్చి, చేతులు జోడించి, యేసు అను ఒక్క మాట పలికి వీరి తలలమీద చేతులుంచినది. దీవించుటకు పోయినవారు దీవెన పొంది వచ్చిరి.

కావున పెద్దల సభలో ఈ సంగతి మాటలాడి, ఈ నెలనుండి ఒక క్రొత్త పుస్తకము పెట్టుచున్నాము. బాప్తిస్మముల పుస్తకము, వివాహముల పుస్తకము, సమాధుల పుస్తకము ఉన్నట్లే, ఊరు విడిచినవారి పుస్తకము. సంఘ కాపరులైన మన తోటి సేవకులు తమ తమ ఊళ్లలోను దీనిని ప్రయత్నింపవలెనని ప్రేమతో కోరుచున్నాము. సొమ్ము ఎంత వచ్చుచున్నదను గడి అందులో ఉండదు. పేరు, తండ్రి పేరు, పోయిన ఊరు, పని, ఏ దినము సెలవు, ఆ ఊరిలో తెలిసిన విశ్వాసులెవరు, అత్యవసరములో ఎవరితో మాటలాడవలెను, ఈ మాత్రము చాలును. కడపటి గడి ఖాళీగా ఉన్న పేర్లను బుధవారపు కూటములో ఒక్కొక్కటిగా చదివి ప్రార్థింతుము. ఆ ఊరిలో ఎరిగినవారున్నచో ఆ రాత్రియే ఫోను చేయుదుము. పనికి వచ్చిన పరాయివారి పేర్లకు పుస్తకము వెనుక ప్రక్కన కొన్ని పుటలు విడిచితిమి.

చదువురాని తల్లులు నోటితో చెప్పిన చాలును, వ్రాసికొనుటకు ఆదివారపు బడి పిల్లలు ఆరాధన తరువాత బల్లయొద్ద కూర్చుందురు. ఊరి పేరు పలుకుట రాకపోయినయెడల బిడ్డ పంపిన చీటీయో, ఫోనులోని సందేశమో చూపుడి. ఇప్పటికి పదునేడు పేర్లు వచ్చినవి. వాటిలో తొమ్మిదింటికి కడపటి గడి ఖాళీగా ఉన్నది.